ఫిడేలుకు పెట్టిన మైకు

పొద్దున్నే సంధ్యారాణి టీ కాస్తుండగా హరికథలు చెప్పే దాసుగారి ఫోనొచ్చింది. వచ్చే నెల గోవాడలో హరికథకు అనకాపల్లి నుంచి వేరే ఫిడేలాయన్ని పిలుచుకుంటానని, ఆమె ఫిడేలు మైకులో చెవులు చిల్లులు పడేలా కీచుమంటోందని జనం అంటున్నారని, ఆయన నొచ్చుకుంటూనే చెప్పారు. ఇరవై ఆరేళ్లు ఆయన పక్కన కూర్చుని వాయించిన మనిషి ఏమంటుంది పాపం! సరేనండి అని పెట్టేసింది.

మైకుసెట్ గణపతిరావంటే చోడవరంలో తెలియని వాళ్లు లేరు. ఆయనే ఆమె భర్త, దాసుగారి కథలకు మైకు పెట్టేదీ ఆయనే. సంగతి విని, చొక్కా గుండీలు పెట్టుకుంటూ తేల్చేశాడు.

"నీ సెయ్యి బరువెక్కిపోయింది సంధ్యా. రోజూ సాధన సేస్తే ఈ మాట పడేదానివా?"

ఆమె టీ వడగట్టి ఆయన ముందు పెట్టింది. రెండేళ్లుగా ఈ మాట పడుతూనే ఉంది. ఓపిక అయిపోయింది.

విశాఖలో ఉద్యోగం చేసే కూతురు ప్రవల్లిక ఆదివారమని వచ్చి ఉంది. ఆ మాటకు ఆ పిల్లకు ఒళ్లు మండింది. వరండాలో స్పీకరు పెట్టించి, ఫిడేలుకు చిన్న మైకు తగిలించి, ఇప్పుడే తేల్చుకుందామంది. సంధ్యారాణి వద్దు వద్దంటూనే కమాను తీసి వాయించింది.

గణపతిరావు ఇంకా మూగగానే ఉందంటూ సన్నటి సౌండు పెంచే ట్రెబుల్ మీట తిప్పాడు. మళ్లీ తిప్పాడు. పక్కింటి అచ్చియ్యమ్మ బియ్యం చేట వదిలేసి, చెవులు మూసుకుని లోపలికి పోయింది. ఇప్పుడు కుదిరిందన్నాడాయన. ఫిడేలు ఆగినా స్పీకరు సన్నగా ఈల వేస్తూనే ఉంది. ఆయన తాపీగా వైరు చుట్టుకుంటున్నాడు.

"నాన్నా, ఆ ఈల వినబడతందా నీకు?"

"ఏ ఈల?"

సంధ్యారాణి గబగబా స్పీకరు కట్టేసి, కూతుర్ని నోర్మూసుకోమంది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆయన చేతిలోంచి వైరు జారిపోయింది.

"నీకు తెలుసేటి సంధ్యా?"

"మాటలు వినబడతన్నాయి, సన్నటి సౌండే మీకు అందట్లేదు. రెండేళ్లయింది."

"మరి సెప్పవేటి? ఊరి సేత, నా సేత కూడా మాటలు పడతా..."

"ఆ రోజుల్లో దాసుగారికొక్కరికే మైకు. నా ఫిడేలు రెండో వరసకి కూడా అందేది కాదు. నా ముందర మైకు పెట్టింది మీరు. మీకు సెవులు పోయాయని నా నోటితో ఎలా సెప్పమంటారు?" ఆమె కమాను కింద పెట్టింది. "కానీ బాగా అలిసిపోయేనండీ."

ఆయన కింద పడ్డ వైరు తీసి పక్కన పెట్టాడు. తర్వాత తనే ఫోన్ తీశాడు.

"దాసుగారూ, గణపతిరావుని. ఫిడేలు తప్పు కాదండి. నా సెవులు పోయాయి. పాడుసేసింది నేనే. మైకు దగ్గర ఇంకెవర్నైనా కూకోబెట్టండి, మా ఆవిణ్ణి మాత్రం తియ్యకండి."

అవతల దాసుగారు అనకాపల్లి ఆయన్ని వద్దంటానన్నారు. గోవాడకు ఆమెనే రమ్మన్నారు.

గణపతిరావు స్పీకరు మళ్లీ వేసి ఆమె వైపు జరిపి, నీకు బాగుందనిపించే దాకా నువ్వే తిప్పుకోమన్నాడు. సంధ్యారాణి ఏడుస్తూనే ట్రెబుల్ తగ్గించి కమాను ఎత్తింది. రెండేళ్ల తర్వాత మైకులో తన ఫిడేలు తనకు తియ్యగా వినిపించింది.

ఆయనకు సగమే వినిపించింది. అయినా కదలకుండా చివరిదాకా విన్నాడు.