పదిహేను మెట్ల దూరపు స్టేషను

తలుపు తీసేసరికి గుమ్మంలో ఒక యువకుడు. చెవికి ట్రాన్సిస్టరు ఆనించుకుని, ఉన్నచోటే మెల్లగా గుండ్రంగా తిరుగుతున్నాడు.

“దొరికింది. ఇక్కడే,” అన్నాడు, ఎదుటి మనిషి మొహం కూడా చూడకుండా.

ఆమె మూతికి మాస్కు, కళ్ళకి పెద్ద అద్దాలు, చేతిలో పై వరుస పళ్ళు పద్నాలుగు. “ఏంటి దొరికింది?” అంది, ఆ పళ్ళనే అతని వైపు చూపిస్తూ.

అప్పుడు చూశాడు. చూసి రెండడుగులు వెనక్కి వేశాడు.

“అవి... ఎవరివండీ?”

“రేపటిదాకా నావి. తర్వాత ఒక బ్యాంకు మేనేజరువి. ఇంతకీ మీకేం కావాలి?”

“మీ ఇంట్లోంచి గరగర వస్తోంది.”

“రాదా మరి? మోటారు పెట్టి పళ్ళు అరగదీస్తుంటే జోలపాట వస్తుందా?”

“ఆ గరగర కాదండీ. రేడియోలో గరగర. నేను మీ పై వాటాలోనే ఉంటా. సాయంత్రమయ్యేసరికి ఏ స్టేషను పెట్టినా మీ మోటారే వినిపిస్తోంది.” అతను రేడియోని మళ్ళీ తిప్పాడు. “దీని లోపల ఒక కడ్డీ ఉంటుంది. ఇలా తిప్పుతూ పోతే ఒక చోట శబ్దం సన్నబడిపోతుంది. అప్పుడు దీని కొస ఎటు చూస్తుంటే శబ్దం పుట్టేది అటే. స్టేషనైనా అంతే, గరగరైనా అంతే. ఇదిగో చూడండి, సూటిగా మీ గదిలోకే చూపిస్తోంది.”

“అంటే దొంగని పట్టుకోడానికి వచ్చారన్నమాట.”

“అబ్బే, అలా అన్లేదండీ!”

“అనండి, ఫర్వాలేదు. చేతిలో పళ్ళు పట్టుకుని దొరికిపోయాగా.”

లోపల్నించి ఆమె అమ్మమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వులో పళ్ళు లేవు. మనవరాలు స్వయంగా చేసిచ్చిన కట్టుడుపళ్ళ సెట్టు గ్లాసులో నానుతోంది.

అమ్మమ్మ ఆ పూటే తీర్పు చెప్పేసింది. సాయంత్రం ఆరునుంచి ఏడుదాకా మోటారు బంద్. బదులుగా ఈ లిఫ్టబ్బాయి వాళ్ళ పాత మిక్సీ బాగుచేసి పెట్టాలి. లిఫ్టబ్బాయి అని ఎందుకంటే, అతని ఉద్యోగం లిఫ్టులు బాగుచేయడం. తెల్లారకముందే వెళ్ళి మధ్యాహ్నం ఒంటిగంటకి తిరిగొస్తాడు. ఆ తర్వాత అతని లోకమంతా రేడియోనే.

మోటారు ఆపాక ఆ గంట ఏం చేయాలో ఆమెకి తోచలేదు. మూడో రోజు మేడెక్కింది, చల్లగాలి కోసం. అలా అని అమ్మమ్మకి చెప్పింది. అమ్మమ్మ నమ్మినట్టు మొహం పెట్టింది.

మేడమీద అతను పిట్టగోడకి ఆనుకుని, ఒళ్ళో నోట్‌బుక్కు, చేతిలో రేడియో పెట్టుకుని కూర్చున్నాడు.

“ఇంత కష్టపడి వినడమెందుకు? ఫోన్లో పెడితే ఏ దేశం స్టేషనైనా వస్తుందిగా?”

“వస్తుంది. అది తెప్పించుకోవడం. ఇది రావడం,” అన్నాడు. “పగలు మీడియం వేవ్‌లో ఊళ్ళో స్టేషను తప్ప ఏదీ వినపడదు. దూరం నుంచి వచ్చేదంతా ఎండలో పైన ఎక్కడో ఇంకిపోతుంది. పొద్దు వాలాక మాత్రం ఆకాశానికి తగిలి వెనక్కి తిరిగి కిందికి దిగుతుంది. వినండి, ఇప్పుడే మొదలు.”

ఆమె చెవి దగ్గరికి తెచ్చింది. ముందు ఉప్పు వేయిస్తున్నట్టు చిటపట. దాని అడుగునుంచి ఎవరో ఒకావిడ, తెలియని భాషలో, తీరిగ్గా ఏదో చెబుతోంది. గొంతు దగ్గరికొచ్చింది, దూరం జరిగింది, మళ్ళీ వచ్చింది. ఆమె చెవి ఇంకాస్త ఆనించింది.

“ఎక్కణ్ణించి?”

“రెండు సముద్రాల అవతల్నించి,” అని అతను టైము చూసి నోట్‌బుక్కులో రాసుకున్నాడు. “విన్నది విన్నట్టు రాసి ఆ స్టేషనుకి రిపోర్టు పంపిస్తాం. పోస్టులో. నిజమే అనిపిస్తే వాళ్ళు ధ్రువీకరిస్తూ ఒక కార్డు పంపిస్తారు.”

“విననిది విన్నానని రాస్తే?”

అతని మొహం ఒక్కసారిగా సీరియస్ అయిపోయింది. “మా రేడియో శ్రోతల క్లబ్బులో ఒకాయన అలాగే రాశాడండీ. ఒక్కటే ఒక్క అబద్ధం. ఆ రోజునుంచి ఆయన ముప్పై ఏళ్ళుగా తెచ్చుకున్న కార్డులన్నీ అబద్ధాలే అయిపోయాయి. ఇప్పుడెవరూ ఆయనతో మాట్లాడరు. నా నోట్‌బుక్కుకి పన్నెండేళ్ళు. ఇందులో అబద్ధం అన్నది ఒక్క అక్షరం లేదు.”

ఆ మాట అన్నప్పుడు అతని కళ్ళలో ఉన్న గర్వం చూసి ఆమె పడిపోయింది. పడిపోయిందని తనకే తెలిసింది కూడా. పళ్ళ పనిలో తేడా వెంట్రుకవాసి ఉన్నా కనిపెట్టే మనిషి, మనసులో ఇంత తేడా వస్తే కనిపెట్టలేదా?

ఆ తర్వాత ఇరవైమూడు సాయంత్రాలు మేడెక్కింది. కొత్త చున్నీ వేసుకుంది. జడ మార్చింది. ఒకరోజు, “నాకు జ్వరంగా ఉంది,” అంది. అతను, “ష్, ఒక్క నిమిషం, స్టేషను పేరు చెబుతున్నాడు,” అన్నాడు.

ఆమె పళ్ళు నూరుకుంటూ కిందికి దిగింది. “అమ్మమ్మా, సముద్రాల అవతల ఎవరు తుమ్మినా వినపడుతుంది ఆ మహానుభావుడికి. పక్కన కూర్చున్న నేను మాత్రం వినపడను.”

“అయితే నువ్వు కూడా స్టేషను పెట్టవే,” అంది అమ్మమ్మ తేలిగ్గా, పళ్ళు గ్లాసులో వేస్తూ.

అమ్మమ్మ మాటవరసకి అంది. మనవరాలు మనసులో పెట్టుకుంది.

మర్నాడే బజారుకెళ్ళి, పిల్లలకి రేడియో పాఠం చెప్పడానికి అమ్మే చిన్న ట్రాన్స్‌మిటర్ కిట్టు తెచ్చింది. అగ్గిపెట్టెకి రెండింతలుంటుంది. దాని కూత ఒక గది దాటి ఇంకో గదికి వినిపిస్తుంది, అంతే. ఆమెకి అదే చాలు. పై గదికీ కింది గదికీ మధ్య ఉన్నవి పదిహేను మెట్లు. రోజూ పళ్ళకి తీగలు అతికే చేతులకి ఆ కిట్టు అతకడం ఒక లెక్కా?

ఇక కావలసింది అనౌన్సరు.

“నా గొంతు గుర్తుపట్టేస్తాడు. నువ్వు చదువు.”

“నా గొంతు మాత్రం తెలీదా?”

“పళ్ళు తీసేసి చదువు. నువ్వు పళ్ళు లేకుండా ఏం మాట్లాడినా అది ఏ భాషో నాకే తెలియదు.”

అమ్మమ్మ ఉప్పొంగిపోయింది. జన్మలో మొదటిసారి ఆమెని ఒకరు మాట్లాడమని బతిమాలుతున్నారు.

మధ్యాహ్నం రెండింటికి అతను అలవాటుగా రేడియో పెడతాడు. మంగళవారం సరిగ్గా రెండింటికి స్టేషను మొదలైంది. అమ్మమ్మ మందులచీటీని వార్తల్లా చదివింది. వాషింగ్ మెషీను వాడే విధానం ఉపన్యాసంలా చదివింది. మనవరాలు పక్కనే నిలబడి ఒక రేకు మీద ఇసక జల్లుతూ చిటపట కలిపింది, మీట తిప్పుతూ గొంతుని దూరం చేసింది, దగ్గర చేసింది. పదకొండో నిమిషంలో అమ్మమ్మ భళ్ళున తుమ్మింది. మనవరాలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు కాస్త బయటపడిపోయింది.

పైన కుర్చీ కిర్రుమంది. తర్వాత అంతా నిశ్శబ్దం.

“పడ్డాడు!” అని ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

సాయంత్రం మేడమీద అతన్ని ఆటపట్టించడానికి వెళ్ళింది. అతను లేడు. కిందికొచ్చి తలుపు తడితే సగం తెరిచి, “సారీ అండీ, కొంచెం రాసుకోవాలి. చాలా ముఖ్యమైంది,” అని మూసేశాడు. బుధవారం కూడా అంతే: రెండింటికి స్టేషను, సాయంత్రం మూసిన తలుపు. గురువారం కూడా అంతే. ఆమెకి సొంత అమ్మమ్మ మీదే అసూయ పుట్టింది.

శుక్రవారం పొద్దున్నే అమ్మమ్మ మెట్లమీంచి వస్తూ, “ఏమే, ఇవాళ లిఫ్టబ్బాయికి సెలవట. ఏదో కవరు పట్టుకుని పోస్టుకి బయల్దేరాడు. స్టాంపు కూడా అంటించాడు,” అంది.

“ఎవరికి?”

“ఎవరికైతేనేం? రిపోర్టు అన్నాడు.”

ఆమె మోటారు ఆపేసింది. పట్టపగలు, మీడియం వేవ్‌లో, ఎవరికీ తెలియని భాష స్టేషను! రిపోర్టు క్లబ్బుకే పంపుతుంటాడు. వాళ్ళు నవ్వుతారు, తర్వాత ఆరా తీస్తారు. చివరికి తేలేది ఒక ముసలావిడ, ఒక మందులచీటీ. పన్నెండేళ్ళ నోట్‌బుక్కు మొత్తం అబద్ధమైపోతుంది. అతను మొదటిసారి అబద్ధం రాశాడంటే అది తనవల్ల. ఇంక జన్మలో తనతో మాట్లాడతాడా?

మాస్కు తీయడం కూడా మరిచిపోయి పరిగెత్తింది.

వీధి మలుపు తిరిగేసరికి చినుకులు మొదలయ్యాయి. పోస్టు డబ్బా ముందు అతను, కవరు తడవకుండా చొక్కాలో పెట్టుకుని, డబ్బా మీద రాసిన టైములు చదువుతున్నాడు. ఏ పని చేసినా టైము చూడకుండా చేయడు కదా మహానుభావుడు.

“ఆగండి! వేయకండి!”

“ఏమైందండీ? ఎవరివైనా పళ్ళు పోయాయా?”

“ఆ స్టేషను అబద్ధం,” అంది రొప్పుతూ, మాస్కు లాగేసి. “సముద్రం లేదు, ఏమీ లేదు. అదంతా నేనే. చదివింది అమ్మమ్మ. చిటపట ఇసక. మీరు ఎవరెవరినో వింటారు గానీ నన్ను వినరని కోపమొచ్చి చేశాను. నన్ను తిట్టండి, మాట్లాడకపోయినా సరే, ఆ ఉత్తరం మాత్రం పంపకండి. మీ నోట్‌బుక్కులో అబద్ధం నావల్ల పడకూడదు.” ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మీరంటే నాకిష్టం. అదొక్కటే ఇందులో నిజం.”

వాన జోరందుకుంది. అతను ఆమెని చాలాసేపు చూశాడు. రేడియో లేకుండా అతను అంతసేపు దేనివైపూ చూడడం ఆమె ఎరగదు.

“అయిపోయిందా?” అన్నాడు.

తల ఊపింది.

“విన్నాను,” అన్నాడు. అని, చొక్కాలోంచి కవరు తీసి డబ్బాలో వేసేశాడు.

ఆ రోజంతా ఆమె మోటారు ముట్టుకోలేదు. రెండింటికి స్టేషను పలకలేదు. బ్యాంకు మేనేజరు కింది వరుసకోసం రెండుసార్లు ఫోను చేసి, పళ్ళులేని కోపంతో పెట్టేశాడు.

“మూర్ఖుడు. చెప్పినా వేశాడు,” అంది రాత్రి అన్నం కెలుకుతూ.

“మగాళ్ళకి ఒకసారి చెబితే అర్థం కాదులే,” అంది అమ్మమ్మ. ఆవిడ రెండోసారి అన్నం పెట్టించుకుని శుభ్రంగా తింది.

శనివారం పదకొండింటికి పోస్టుమాన్ వచ్చాడు. కవరు మీద గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: చీఫ్ ఇంజనీరు గారికి, రెండో అంతస్తు. కింద ఆమె ఇంటి నంబరు.

గుమ్మంలోనే నిలబడి చింపింది.

“అయ్యా లేక అమ్మా, మీ స్టేషనుని మూడు రోజులుగా వింటున్నాను. రిపోర్టు పంపుతున్నాను.

2.00: ప్రసారం మొదలు. వయసు మళ్ళిన మహిళా అనౌన్సరు. భాష తెలియలేదు. పళ్ళు పెట్టుకుంటే తెలియవచ్చు.

2.06: వార్తలు. భోజనం తర్వాత ఒకటి, పడుకునే ముందు ఒకటి అని అర్థమైంది.

2.11: అనౌన్సరు తుమ్మారు. వెనకనుంచి ఒక అమ్మాయి నవ్వు. నా పన్నెండేళ్ళలో ఇంత బాగా వినిపించిన స్టేషను లేదు. ఐదుకి ఐదు.

దిశ తెలుసుకోవాలని రేడియో తిప్పాను. ఎటు తిప్పినా గొంతు సన్నబడలేదు. నిటారుగా నిలబెట్టి, కొస నేలకి చూపిస్తే సన్నబడింది. అంటే స్టేషను భూగర్భంలో అయినా ఉండాలి, రెండో అంతస్తులో అయినా ఉండాలి. మెట్ల మీద అనౌన్సరు గారినే కలిసి, రేపు కూడా ప్రసారం ఉందా అని అడిగాను. ఉందన్నారు. ఎవరికీ చెప్పొద్దన్నారు.”

ఆమె తలెత్తి అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మకి సరిగ్గా అప్పుడే కిటికీ ఊచలమీద దుమ్ము కనిపించింది.

“నోట్‌బుక్కులో ఇరవైమూడు పేజీలు మీకు చూపించడానికి ఇన్నాళ్ళూ ధైర్యం చాల్లేదు. ఒక పేజీ ఇందులో పెడుతున్నాను. ఇందులో అబద్ధాలు ఉండవని మీకు తెలుసు. దయచేసి ధ్రువీకరించగలరు.”

వెనక చింపిన కాగితం. తారీఖు చూసి గుర్తుపట్టింది. ఆమె జ్వరంగా ఉందన్న రోజు.

“సాయంత్రం 6.10 నుంచి 7.00 వరకు. పక్కన ఆమె. స్టేషన్లేవీ వినలేదు. జ్వరమంది. ఏమనాలో తెలియక ఉత్తుత్తి డయలు తిప్పాను.”

ఆమె ఆ రెండు లైన్లూ ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి, చివరికి ఎక్కిళ్ళు మిగిలాయి.

రెండింటికి స్టేషను మొదలైంది. ఇసక లేదు, రేకు లేదు.

“ఒకే ఒక్క శ్రోతకి నమస్కారం,” అంది చీఫ్ ఇంజనీరు స్వయంగా. “మీ రిపోర్టు అందింది. అన్నీ సరిపోయాయి. ధ్రువీకరిస్తున్నాం. కార్డు మాత్రం పోస్టులో పంపం. కావాలంటే వచ్చి తీసుకోండి.”

రేడియోకి తిరిగి జవాబు చెప్పే వీలు ఉండదు. కాబట్టి పైన కుర్చీ కిర్రుమంది, తలుపు దఢాలున తెరుచుకుంది, మెట్లమీద చెప్పులు టపటపమన్నాయి. ఒకటి, రెండు, మూడు...

ఆమె గుమ్మంవైపు పరిగెత్తబోయింది. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకో చేత్తో గ్లాసు కోసం తడుముకుంటూ ఏదో అంది. ఏ భాషో తెలియలేదు. పళ్ళు పెట్టుకుని మళ్ళీ చెప్పింది:

“ఒక్క నిమిషం ఆగవే! ఇవాళ నేను మాట్లాడే మాటలు అబ్బాయికి స్పష్టంగా అర్థం కావాలి.”