పదకొండో రకానికి మరపు పరీక్ష

పైడితల్లి ఏడో రకం తలకట్టుని తల మీంచి తీసి బల్ల మీద పెట్టింది. చెవుల వెనక ఒరుసుకున్న చోట వేలు పెట్టి చూసుకుని చీటీలో రాసింది: బిగింపు ఎక్కువ. చెమట. బరువు గంటలో మెడ మీదికి దిగుతుంది. మంద్రం మందంగా ఉంది, మాట మాత్రం ఉన్నదున్నట్టు వినిపిస్తుంది. మూడేళ్లుగా ఏడో రకం గురించి ఇవే మాటలు రాస్తోంది. పోల్చడానికి అదొకటి ఉండాలి కాబట్టి ప్రతిసారీ ముందు దాన్నే పెట్టుకుంటారు.

తొమ్మిదో రకం మెత్తలు నయం. వీణ తీగ ఎక్కడ మీటారో వేలు పెట్టి చూపించొచ్చు. పైస్థాయికి వెళ్లేసరికి గాజుపెంకుతో గీసినట్టుంది. చెవితమ్మెలు కాలుతున్నాయి. అదీ రాసింది.

ఆలకింపు గదికి నాలుగు పొరల గోడలు. ఊళ్లో చెవులు విప్పుకుని కూర్చోగలిగిన చోటు ఇదొక్కటే. బయట వేడిని తోడిపోసే పంకాలు ఇరవై నాలుగ్గంటలూ తిరుగుతాయి. అవి ఆగితే మనుషులు ఉడికిపోతారు, తిరిగితే చెవులు పోతాయి. అందుకని ఆరేళ్లు నిండిన ప్రతివాళ్ల తలకీ తలకట్టు ఉంటుంది. ఇంట్లో మాట్లాడుకున్నా దాంట్లోంచే వినాలి. అందరికీ ఒకటే రకం, సంస్థ ఇచ్చిన ఏడో రకమే.

సుఖం ఎంతో నోటితో చెప్పమని ఎవరూ అడగరు. గోడలోని కన్ను చూస్తుంది, చెయ్యి చెవి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లిందో లెక్కపెడుతుంది. పావుగంట పాటు చెయ్యి లేవకపోతే మరపు వచ్చినట్టు. తలకట్లు విని చూసే ఆలకింపరిగా ఆరేళ్ల ఉద్యోగంలో పైడితల్లికి ఏ రకం మీదా మరపు రాలేదు. పిల్ల పిలిచిందేమో, ఎవరైనా తలుపు కొట్టారేమో, ఏం ముంచుకొస్తోందో అని ఆమె చెయ్యి కప్పుని పైకి లేపుతూనే ఉంటుంది. ఆ చేతిని చెవికి కుట్టేయించుకోవే, కూలీ కలిసొస్తుంది అని పక్క గది నర్సమ్మ ఎగతాళి చేసేది. కానీ సంస్థకి కావలసింది ఆ చెయ్యే. అది ఆగిందంటే ఊళ్లో ఏ చెయ్యైనా ఆగుతుంది.

పదకొండో రకం పెట్టుకుంది. ఆరిన తువ్వాలు నెత్తిన వేసుకున్నంత బరువు. కప్పులు చెవిని తాకినట్టే లేవు. పాటలో వయొలిన్ కమాను వెనక్కి తిరిగే చోట చిన్న విరామం కూడా తెలుస్తోంది. పాడే మనిషి ఎదురుగా కూర్చుని, తనకొక్కదానికే పాడుతున్నట్టుంది.

తీసి చూసుకుంటే నలభై నిమిషాలు అయిపోయాయి. చెయ్యి ఒక్కసారీ లేవలేదని తెర చెప్పింది.

ఆమెకి సంతోషం వెయ్యలేదు. నలభై నిమిషాలు కూతురు ముత్యం గుర్తు రాలేదు. ఆ నలభై నిమిషాల్లో పిల్లకేమైనా అయ్యుంటే? బడివాళ్లు కబురు పెట్టి ఉంటే?

ఆఖరి పరీక్ష ఇంటిధ్వని. పాటలకి ఇంజనీర్లు మెరుగులు పెట్టగలరు గానీ, మనిషికి బాగా తెలిసిన చప్పుడు దగ్గర మోసం చెయ్యలేరని ప్రతి ఆలకింపరీ తన ఇంట్లోంచి ఒక చప్పుడు తెచ్చుకోవాలి. నర్సమ్మది పెనం మీద దోసెపిండి పడే చప్పుడు. పైడితల్లిది మధ్యాహ్నం నిద్రలో ముత్యం ఊపిరి. లోపలికి పీల్చిన ఊపిరి బయటికి వచ్చేటప్పుడు చివర్లో సన్నగా పిల్లికూత ఉంటుంది. ఆ కూత లావెక్కిందంటే పావుగంటలో ఆస్పత్రిలో ఉండాలి. రెండుసార్లు అలా పరిగెత్తింది. మీరు విన్నారు కాబట్టి సరిపోయిందమ్మా అన్నాడు డాక్టరు రెండోసారి.

ఏడో రకంలో కూత ఉంది. తొమ్మిదో రకంలో గుచ్చుకునేలా ఉంది. పదకొండో రకంలో లేదు.

మళ్లీ వింది. కుడి ఎడమలు మార్చి వింది. చప్పుడు పెంచి వింది. ఏ జబ్బూ లేని పిల్ల హాయిగా నిద్రపోతోంది. అలాంటి ఊపిరి వినాలని ఆరేళ్లుగా దేవుణ్ణి అడుగుతోంది. ఇప్పుడు అది వినబడుతుంటే తలకట్టు తీసి బల్ల మీద పెట్టేసింది.

అప్పుడే సత్యారావు లోపలికి వచ్చాడు. పరీక్షల పెద్ద ఆయనే. పది రోజులుగా పదకొండో రకమే పెట్టుకుని తిరుగుతున్నాడు, ఈ గదిలో కూడా తియ్యడు. తెర మీద నలభై నిమిషాలు చూసి మురిసిపోయాడు. తన వేలిముద్ర వేసేశానని, ఆమెది కూడా పడితే సోమవారానికి ఊరంతా కొత్తది వచ్చేస్తుందని, పాతవి ఒక్కటి మిగల్చకుండా వెనక్కి తీసుకుంటారని చెప్పాడు.

ఆమె కూత సంగతి చెప్పింది. అది దిద్దుబాటు అన్నాడాయన. చెవికి కటువుగా తగిలేదాన్ని అదే తీసేస్తుందట. దిద్దుబాటు ఆపించమని అడిగితే, అది ఆపితే మరపు కూడా పోతుందన్నాడు. చీటీలో ఇంకో గడి పెట్టమంది. ఉన్నవి రెండే గళ్లు, నాదం, సుఖం. రెండూ నిండిపోయాయి. ఆమె వేలు పెట్టకపోతే పిల్లలు ఇంకో ఏడాది ఆ పాత బిగింపే మొయ్యాలని గుర్తు చేశాడు. అదీ నిజమే. ముత్యానికి చెవుల వెనక పుళ్లు పడ్డాయి, పొద్దున్నే తలకట్టు చూస్తే మంచం కిందికి దూరుతుంది. ఆ పుళ్ల గురించి సంస్థకి మూడుసార్లు రాసింది ఆమే.

మా ఇంట్లో చూడండి అని ఆయన చెప్పుకుపోయాడు. తల్లి ఏడాదిగా మోకాళ్ల నొప్పులతో మూలిగేదట. తను కొత్తది ఇంటికి పెట్టుకెళ్లినప్పటి నుంచి ఒక్క మూలుగు లేదట, మాట కూడా ఎంతో కులాసాగా ఉందట.

పైడితల్లి ఆయన వంక చూసింది. ఆయన కళ్లు తెర మీదే ఉన్నాయి. ఆమె గొంతు పెంచి మళ్లీ మొదటి నుంచీ చెప్పింది, పిల్లకి కూత ఎక్కితే తనకి తెలియదని, పిల్లకీ తెలియదని, పక్కనే కూర్చుని ఉండగానే అయిపోతుందని. ఇంకా పెంచింది. మెడ నరాలు లాగాయి. ఆయన మెల్లగా తల ఊపుతున్నాడు. గొంతు నిమ్మళంగా వినబడుతున్న మనిషి ముఖం ఎవరు చూస్తారు?

"బాబూ, నేను అరుస్తున్నాను. మీకు వినబడుతోందా?"

"అరవడమేటమ్మా? పాట పాడినట్టు చెబుతున్నారు గదా."

ఇంకొకరి తలకట్టు మీద చెయ్యి వేస్తే ఆ రోజే ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే ఆస్పత్రి చీటీ పోతుంది. అది పోతే ఏమవుతుందో ఆలోచించే అలవాటు ఆమెకి బాగానే ఉంది. ఆలోచిస్తూనే లేచి, రెండు చేతులతో ఆయన తల మీది పదకొండో రకాన్ని పట్టుకుని ఊడబీకింది.

సత్యారావు వెనక్కి తూలి గోడకి ఆనుకున్నాడు. గదిలో ఒకటే చప్పుడు, ఆమె రొప్పు. బొంగురుగా, గీరుకుంటూ, వెక్కు కలిసి. ఆయన మొదటిసారి ఆమె ముఖం వైపు చూశాడు.

"ఎప్పటి నుంచమ్మా ఇలాగ?"

"మీరు వచ్చిన కాడి నుంచి."

"పది రోజులు," అన్నాడాయన, తనలో తనే. "మా అమ్మ పది రోజులుగా..."

పైడితల్లి బొటనవేలు తిరస్కారం మీద నొక్కింది. కారణం చెప్పమని తెర రెండు గళ్లు చూపించింది, నాదమా, సుఖమా. ఆమె రెండూ నొక్కలేదు. తెర అడుగుతూనే ఉంది. కింద గోదాములో కొత్త తలకట్ల రెండు లక్షల పెట్టెల్ని కదుపుతున్న పట్టీ ఆగిపోయింది. ఆ ఆగడం ఆమె పాదాలకి తెలిసింది.

సత్యారావు మాత్రం అప్పటికే తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. తల మీద ఏమీ లేదు. ఆ సంగతి ఆయనకి తోచనే లేదు.

"బాబూ, చెవులు!"

ఆయన ఉలిక్కిపడి ఆగిపోయాడు. ఈసారి అరుపు అరుపులాగే వినబడింది.