అత్తగారి కంప్యూటర్లో డెబియన్

వన్ టౌన్ సందులో ఆ ఇంటి ముందుగదే కనకరత్నం డీటీపీ సెంటర్. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ చుట్టుపక్కల పెళ్లి కార్డులు చాలావరకు అక్కడ తయారైనవే. ఆ సోమవారం కూడా ఆవిడ ఎనిమిదింటికి కాఫీ తాగి, కుర్చీ దులుపుకుని కంప్యూటర్ ఆన్ చేసింది. తెర మీద ముక్కూ మొహం తెలియని గుర్తులు. కార్డులు చేసే సాఫ్ట్‌వేర్ మాయం. ఫైలు తెరిస్తే తెలుగుకి బదులు అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాలు!

"మణీ! నా కంప్యూటర్‌కి ఏటైందిరా?"

కొడుకు మణికంఠ నోట్లో బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు. వెనకాలే కోడలు మధులత, డ్యూటీకి తయారై వచ్చింది. సీతమ్మధారలో ఒక ఆసుపత్రి సర్వర్లు చూడడం ఆమె ఉద్యోగం.

"నిన్న మీరు ఆనందపురం వెళ్లినప్పుడు నేనే మార్చాను అత్తయ్యా. అంతా వైరస్సే. విండోస్ తీసేసి డెబియన్ అనే లినక్స్ వేశాను. మా సర్వర్లన్నీ దాని మీదే నడుస్తన్నాయి, ఏళ్ల తరబడి ఆగవు. మీ ఫైళ్లన్నీ భద్రంగా ఉన్నాయి."

"ఎవర్ని అడిగి ముట్టుకున్నావ్?"

మధులత నవ్వేసింది. నవ్వకుండా ఉండాల్సింది.

"అడిగితే మీరు వద్దంటారుగా!"

"సర్వర్‌కి డెబియన్ సరే," అన్నాడు మణికంఠ. "మనిషి రోజూ పనిచేసే దానికి ఉబుంటూనో మింటో వెయ్యాలిగానీ!"

"ఏది వేసినా లోపల లినక్సే. అత్తయ్య పాత సాఫ్ట్‌వేర్ దేంట్లోనూ నడవదు. యూనికోడ్ తెలుగులో టైపు చెయ్యడం నేర్చుకోవాలి, అంతే."

"అంటే అమ్మ పని ఆగిపోద్దని తెలిసే చేశావన్నమాట!"

నిజానికి ఆ సంగతి నిన్న మధులతకు తట్టనే లేదు. ఇప్పుడు ఒప్పుకోవడం నామోషీ అనిపించింది.

అంతలో గుమ్మం దగ్గర కాసులమ్మ చేపల గంప దించింది.

"అమ్మా, మా సాయిదుర్గ పెళ్లి కార్డు అయిపోనాదేటి? పదకొండుకి పెస్సుకి ఇచ్చీయాలన్నావు గదా!"

"మా కోడలు తుడిచిపారేసింది. ఆవిడ్నే అడుగు."

మధులత మొహం ఎర్రబడింది. "బయటివాళ్ల ముందు ఏటండీ ఈ మాటలు? మీ మంచికే కదా చేశాను!"

"నా మంచి నాకు చెప్పకుండా చేస్తావా?" కనకరత్నం కుర్చీలోంచి లేచింది. "ఆసుపత్రిలో సర్వర్ ముట్టుకోవాలంటే వారం ముందు అందరికీ కబురు పెడతావు. డాక్టర్లు ఊఁ అనేదాకా దాని మీద చెయ్యి వెయ్యవు. ఇక్కడ నాను ఉన్నానని గుర్తే రాలేదు. సర్వర్ ముందు ఎవరూ కూర్చోరమ్మా. దీని ముందు నాను కూర్చుంటాను!"

మధులత భుజానున్న ల్యాప్‌టాప్ బ్యాగు కింద పెట్టింది.

కనకరత్నం మళ్లీ కూర్చుని సాయిదుర్గ ఫైలు తెరిచింది. ఆ పిచ్చి అక్షరాల మీద వేలు పెట్టింది.

"నీ ల్యాప్‌టాప్ తీసి టైపు కొట్టు. చి.ల.సౌ. సాయిదుర్గ... గంగరాజు, కాసులమ్మ దంపతుల జ్యేష్ఠ పుత్రిక..."

మధులత నిర్ఘాంతపోయింది. "ఇది మీకెలా తెలుస్తోంది అత్తయ్యా?"

"ఫాంటు లేని ప్రెస్సుల్లో నా ఫైలు తెరిస్తే తెలుగు ఇలాగే కనబడేది. ఏ గుర్తు ఏ అక్షరమో చూసి చూసి పట్టుకున్నాను. జ్యేష్ఠలో ఠ వత్తు తప్పింది, దిద్దు."

ముహూర్తం, విందు, బంధువుల పేర్లు అన్నీ ఆవిడ చదువుతూనే ఉంది. కోడలు కొడుతూనే ఉంది. అత్తగారికి కంప్యూటర్ అంటే ఏమీ తెలియదని పెళ్లై వచ్చిన ఈ మూడేళ్లూ ఎంత తేలిగ్గా అనుకుంది! సిగ్గుతో ఆమెకు కన్నీళ్లు ఆగలేదు. పదిన్నరకి ప్రింటు తీసి ఇస్తే కాసులమ్మ కూతురి పేరు రెండుసార్లు తడిమి చూసుకుని, గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

మధులత డ్యూటీకి వెళ్లలేదు. "తప్పయింది అత్తయ్యా," అంది. "పాతదే మళ్లీ వెయ్యమంటారా?"

కనకరత్నం కోపం ఇంకా దిగలేదు.

"రెండూ ఉంచలేవా?"

"ఉంచొచ్చు. ఆన్ చెయ్యగానే ఏది కావాలని అదే మిమ్మల్ని అడుగుతుంది."

"నన్నడుగుతుందా?" అంది కనకరత్నం. లేచి తన కుర్చీ కోడలి వైపు జరిపింది.