హార్బర్ గోడ మీద మచ్చలు

ఆ మనిషి చనిపోయాడని ఇరవై నిమిషాల దాకా ఎవరూ గమనించలేదు. హెడ్‌ఫోన్లు చెవులకే ఉన్నాయి. అవతల ఎవరో కస్టమర్, గేమ్ మొదలుపెడితే చాలు స్క్రీన్ వణుకుతోందని ఓపిగ్గా చెబుతూనే ఉన్నాడు. గుండెపోటని డాక్టర్ రాశాడు. మెడ వెనక, కాలర్ కింద సూదిమొనంత ఎర్రటి చుక్క ఉందని మాత్రం రాయలేదు.

"ఆ కుర్చీ ఖాళీగా ఉంది. సోమవారం నుంచి అందులో నువ్వు కూర్చోవాలి," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్, ఎదురుగా నిలబడ్డ మనిషితో.

డిపార్ట్‌మెంట్‌లో ఆ నిలబడ్డ మనిషిని మెకానిక్ అనేవారు. పదహారేళ్లుగా ట్రాన్స్‌మిటర్లూ కెమెరాలూ తాళాలూ బాగుచేస్తూ వచ్చాడు. సొంత పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కొక్కరే తగ్గిపోయి, చివరికి మెకానిక్ అన్న పేరే మిగిలింది.

చీఫ్ బ్రీఫింగ్ ఎప్పుడూ క్లుప్తంగానే ఉంటుంది. విదేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న పదకొండుమంది ఏజెంట్ల జాబితా చోరీ అయింది. శత్రుముఠా దాన్ని నాలుగు ముక్కలు చేసి, ఒక కంప్యూటర్ గేముల కంపెనీ ద్వారా దేశం దాటిస్తోంది. మూడు ముక్కలు వెళ్లిపోయాయి. నాలుగోది తాళంచెవి లాంటిది. అది చేరితే తప్ప మిగతా మూడూ చదవడం కుదరదు. గేముకి కొత్త అప్‌డేట్ నాలుగు నెలల తర్వాత ఉంది. అందులోనే పంపుతారు. ఎలా పంపుతున్నారో కనిపెట్టబోయిన ఏజెంటే ఆ కుర్చీలో పోయాడు.

"లోపల మనవాళ్లెవరైనా ఉన్నారా సార్?"

"రిలీజ్ మేనేజర్, గేము అప్‌డేట్లు వదిలేది ఆవిడే. ముఠా ఆవిణ్ణి తమ మనిషనుకుంటోంది. నిజానికి మన మనిషి." చీఫ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అనే నా నమ్మకం."

మెకానిక్‌కి కొత్త పేరు, కొత్త సర్టిఫికెట్లు, నాలుగో అంతస్తులో ఒక గది దొరికాయి. ఉద్యోగం గ్రాఫిక్స్ సపోర్ట్. బొమ్మ చిరిగిపోతోందనీ, మనుషులకి మొహాలు రావడం లేదనీ, ఆకాశం గులాబీ రంగులోకి తిరిగిందనీ రోజుకి నలభైమంది ఫోన్ చేసేవారు. గ్రాఫిక్స్ కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చి చూడండి, సెట్టింగ్స్ తగ్గించండి, కార్డు మీద దుమ్ము దులపండి అని చెప్పేవాడు. బాగైతే వాళ్లు సంతోషంగా ఫోన్ పెట్టేసేవారు. గేముల సంగతి ఓనమాలు కూడా తెలియని చీఫ్ కూడా వారానికోసారి కస్టమర్‌గా లైన్లోకి వచ్చేవాడు. "స్క్రీన్ మీద గీతలు" అంటే అంతా క్షేమం. "స్క్రీన్ నల్లబడింది" అంటే గుట్టు బయటపడింది, వెంటనే వచ్చెయ్.

సాయంత్రం గదికి వెళ్తే మాట్లాడటానికి మనిషుండేవాడు కాదు. సర్టిఫికెట్‌లోని పుట్టినరోజు చూసి ఆఫీసులో ఒకసారి కేక్ కోయించారు. ఎవరి పుట్టినరోజో తెలియకుండానే కొవ్వొత్తి ఊదాడు. ఆ రాత్రి గదిలో కూర్చుని లెక్క వేసుకుంటే, తన అసలు పుట్టినరోజు వెళ్లి పన్నెండు రోజులైందని తేలింది.

రిలీజ్ మేనేజర్ మాత్రం రోజూ మధ్యాహ్నం ఎదురుగా వచ్చి కూర్చునేది. మెడ చుట్టూ బూడిదరంగు పట్టు స్కార్ఫ్, ఎత్తు మడమల చెప్పులు, గది దాటినా వదలని సెంటు వాసన. ఆవిడ నడిచి వెళ్తుంటే ప్రోగ్రామర్లు టైపింగ్ ఆపేసేవారు. అలాంటి మనిషి తన డబ్బా మూత తీసి అతని వైపు జరిపి, "ఏమీ తినరేంటండీ మీరు" అనేది. పోయిన ఏజెంట్ సామాన్లు తానే సర్దాననీ, అతని ఐడీ కార్డు చేతిలోకి తీసుకున్నప్పుడు ఏడుపు ఆగలేదనీ ఒకరోజు చెప్పింది. అతనికి ఆవిడంటే ఇష్టం కలిగింది. తెల్లారాక ఎదురుచూడటానికి ఒక గంట దొరికింది.

అప్‌డేట్‌కి మూడు వారాల ముందు ఒక పెద్దావిడ ఫోన్ చేసింది. రిటైరైన లెక్కల టీచరట. కాళ్లు సరిగా రాక ఇల్లు కదలదు. మేనల్లుడు పాత కంప్యూటర్ ఇచ్చి కార్ల రేసు గేమ్ పెట్టి వెళ్లాడు.

"నాకు రేసులెందుకు బాబూ? సముద్రం పక్కన రోడ్డుంది కదా, అక్కడ మెల్లగా పోతుంటాను. హార్బర్ గోడ దగ్గరికి రాగానే గోడంతా రంగుల గళ్లు పడుతోంది. మీ సీట్లో ఇదివరకు ఉన్నాయనకీ చెప్పాను. చూస్తానన్నాడు."

మెకానిక్ నిటారుగా కూర్చున్నాడు. అందరూ రెండువందల స్పీడులో దూసుకుపోయే చోట ఈవిడ ఇరవైలో పోతోంది. స్క్రీన్‌షాట్ తీసి పంపమన్నాడు. అందులోనూ గళ్లున్నాయి కాబట్టి తప్పు మానిటర్‌ది కాదు, వైరుది కాదు. మరి కార్డు వేడెక్కుతోందా?

"వేడికి వచ్చే మచ్చలు ఒకచోట నిలవవమ్మా. ఇవి కదులుతున్నాయా?"

"కదలవు. రోజూ అవే గళ్లు, అవే రంగులు. అడ్డం అరవైనాలుగు, నిలువు అరవైనాలుగు. లెక్కపెట్టాను. పిచ్చిగీతలైతే ఇంత పద్ధతిగా ఉంటాయా?"

అతను తన మెషీన్‌లో ఆవిడ వాడుతున్న పాత డ్రైవరే ఎక్కించి, గోడ ముందు కారు నిలిపాడు. గళ్లు వచ్చాయి. కొత్త డ్రైవర్ పెడితే మామూలు ఇటుకల గోడ. పాత డ్రైవర్ ఉన్నవాళ్లకి మాత్రమే కనిపించేలా, జాబితా మూడో ముక్క ఆ గోడ బొమ్మలో దాగి ఉంది. ముఠా మనుషులు ఎక్కడో కూర్చుని దర్జాగా గేమ్ ఆడుతూ చదువుకుంటున్నారు.

ఆ ఫైలు ఎవరు మార్చారో చూడటానికి దొంగదారి వెతుక్కునేసరికి అప్‌డేట్ రోజు వచ్చేసింది. ఆ ఉదయం రికార్డు దొరికింది. ఇవాళ్టి అప్‌డేట్ కోసం గోడ ఫైలు మార్చి నాలుగో ముక్క పెట్టింది పోయిన ఏజెంట్ ఐడీ కార్డుతో. తేదీ మాత్రం అతను చనిపోయిన ఆరు రోజుల తర్వాతిది.

ఆ కార్డు ఎవరి చేతికి వెళ్లిందో ఎవర్నీ అడగనక్కర్లేకపోయింది. మధ్యాహ్నం ఆవిడ ఎప్పటిలాగే డబ్బా అతని వైపు జరిపింది. అతను ఎప్పటిలాగే తిన్నాడు.

మూడూ ఇరవైకి చీఫ్ లైన్లోకి వచ్చాడు. "స్క్రీన్ మొత్తం నల్లబడిపోయింది బాబూ."

"గోడ సమస్య పోయేదాకా నేను కదలలేను సార్. మా రిలీజ్ మేడమ్ చేసిన తప్పే ఇది. మీ మనుషుల్ని పంపించండి."

"ఆవిడేనా?" అన్నాడు చీఫ్. ఆ గొంతు ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"ఆవిడే సార్."

చీఫ్ మనుషులు రావడానికి నలభై నిమిషాలు. అప్‌డేట్ సరిగ్గా నాలుగింటికి. మెకానిక్ బాత్రూంలో ఏసీ రిపేరు యూనిఫారం, టోపీ, మీసం తగిలించుకుని సర్వర్ రూంలోకి నడిచాడు. స్క్రూడ్రైవర్ పిడి తిప్పితే లోపల పెన్‌డ్రైవ్ ఉంది. అందులో నిరుటి గేమ్ డిస్క్ నుంచి తీసిన శుభ్రమైన ఇటుకల గోడ. మూడూ నలభైతొమ్మిదికి కాపీ మొదలైంది. అరవై శాతం దాటుతుండగా కారిడార్లో ఎత్తు మడమల చప్పుడు వినిపించింది. రెండు కీలు నొక్కి, స్క్రూడ్రైవర్‌తో ఒక మర బిగిస్తున్నట్టు కూర్చున్నాడు.

"మీసం నీకు నప్పలేదు," అందామె తలుపు మూస్తూ. ఇన్నాళ్ల 'మీరు' ఎటో పోయింది. ఆమె చేతిలో లిప్‌స్టిక్ గొట్టం ఉంది, దాని కొసన సన్నటి సూది. చూపు స్క్రీన్ మీదికి వెళ్లింది. అరవై ఒకటి. అంకె కదలడం లేదు.

"హ్యాంగ్ అయింది," అన్నాడతను నీరసంగా.

ఆమె నవ్వింది. వైరు పీకలేదు. పీకితే ఆ మెషీన్ నుంచే వెళ్లాల్సిన అప్‌డేట్ కూడా ఆగిపోతుంది. సూది అతని మెడకి ఆనించి, పక్కనే నిలబడి గడియారం చూసింది.

"ఆయన్ని కూడా మీరేనా?"

"నొప్పి తెలియలేదులే ఆయనకి."

"మీ పేరు చెబితే చీఫ్ గొంతు మారిపోయింది."

"రెండు వైపులా నమ్మించడం ఎంత ఒంటరి పనో నీకు చెప్పక్కర్లేదు. ఇక్కడ నేను తప్ప నీతో మాట్లాడినవాళ్లెవరు?"

ఎక్కడో పదకొండు గదుల్లో పదకొండుమంది, వాళ్లవి కాని పేర్లతో తలుపులు వేసుకుని ఉన్నారు. వాళ్లలో ఒక్కరినీ అతను చూడలేదు. ఆ గదులు ఎలా ఉంటాయో మాత్రం తెలుసు.

నాలుగు కొట్టింది. సర్వర్ మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. "అయిపోయింది," అందామె.

"మూడూ యాభైఆరుకే అయిపోయింది," అంటూ అతను మళ్లీ రెండు కీలు నొక్కాడు. స్క్రీన్ ఒకసారి చీకటై తిరిగి వెలిగింది. నూరు శాతం. "బొమ్మ గడ్డకట్టింది మేడమ్, అంతే. కాపీ వెనకాల నడుస్తూనే ఉంది. రోజుకి పదిమంది ఇదే కంప్లయింట్‌తో ఫోన్ చేస్తారు."

సూది చర్మానికి గుచ్చుకోబోయేలోపు అతను పక్కకి ఒరిగి, ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. తలుపు తోసుకుని కొరియర్ వేషంలో ఇద్దరు చీఫ్ మనుషులొచ్చారు. వాళ్ల వెనక, తలకి పట్టని టోపీతో చీఫ్. ఆయన ఆమె ముఖంలోకి ఒక్కసారే చూశాడు.

తీసుకెళ్తుంటే ఆమె మెకానిక్ ముందు ఆగింది. "నా ఎదురుగా కూర్చుని తిన్నదంతా నాటకమేనా?"

"ఇవాళ పొద్దున్న దాకా కాదు," అన్నాడు.

మర్నాడు లెక్కల టీచర్‌కి తానే ఫోన్ చేశాడు. గోడ బాగైందని ఆవిడ అప్పటికే చూసిందట. మెచ్చుకుంది. తర్వాత, "అయితే ఇక మీకు ఫోన్ చెయ్యడానికి నా దగ్గర కంప్లయింటేమీ లేదన్నమాట," అంది.

"కంప్యూటరన్నాక ఏదో ఒకటి వస్తుంది లెండి టీచర్‌గారూ," అన్నాడు.

మధ్యాహ్నం ఒక్కడే తిన్నాడు. ఫైలు మూసేశాం, సాయంత్రానికల్లా వచ్చెయ్యమని చీఫ్ కబురు పంపాడు. మెకానిక్ రాజీనామా కాగితం పట్టుకుని హెచ్ఆర్ దగ్గరికి వెళ్లాడు. ఒక మామూలు సపోర్ట్ ఉద్యోగి ఉన్నపళంగా మాయమైతే అనుమానాలొస్తాయి. వాళ్లు కాగితం చదివి, రూల్ ప్రకారం నెల రోజుల నోటీసు తప్పదన్నారు. శత్రుముఠానే ఎదిరించిన మనిషి, హెచ్ఆర్‌తో మాత్రం వాదించలేదు. రూలంటే రూలేనని చీఫ్‌కి కబురు పెట్టి, వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.