లోపల వదిలిన గుడ్డ

ఆ బస్సు డ్రైవరు మళ్ళీ అదే యూనిఫాం ప్యాంటు పట్టుకుని మా షాపు మెట్లెక్కాడు. మనిషి వచ్చినప్పుడల్లా తరిగిపోతున్నాడు. మా ఆయన పోయే ముందు కూడా ఇలాగే చొక్కాలు వదులయ్యాయి. ఆయన కూడా ఇలాగే నవ్వుతూ ఉండేవాడు.

షాపంటే పెద్దదేమీ కాదు. ఇంటి ముందుగదిలో రెండు మిషన్లు. మా అమ్మాయి కొలతలు తీసి కుడుతుంది. నేను హుక్కులూ గుండీలూ చూస్తాను. కొత్త బట్టలకంటే బిగించడానికీ వదులు చేయడానికీ వచ్చేవే ఎక్కువ.

"మళ్ళీ టైట్ చేయాలండీ," అన్నాడు.

"ఇలా అయితే ఇంకొన్నాళ్ళకి మీ బదులు ప్యాంటే బస్సు నడుపుతుంది," అంది మా అమ్మాయి తలెత్తకుండానే.

అతను నవ్వాడు. అది టేపు తీసింది. నడుం కొలత చూడటానికి అంతసేపు పట్టదు. ఆ మాత్రం నాకు తెలియదా.

అతను వెళ్ళాక, ఏం జబ్బో కనుక్కోమన్నాను. అది ముందే అడిగేసింది. జబ్బు కాదట. డాక్టరు రాసిచ్చిన ఇంజెక్షను వారానికోసారి పొట్టమీద వేసుకుంటాడట. దాంతో ఆకలి తగ్గుతుందట. రోజంతా సీట్లో కూర్చోవడం, ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య ఏది దొరికితే అది తినడం. అలా ఒళ్ళు పెరిగి షుగరు అంచుదాకా వచ్చాడట.

"ఇవన్నీ టేపు పట్టుకుంటే తెలిశాయా?" అన్నాను. మా అమ్మాయి మిషను తొక్కడం మొదలుపెట్టింది.

నాకు మాత్రం మనసు కుదుటపడలేదు. ఆకలినే సూదితో ఆపేస్తే ఒంట్లో ఇంకేం ఆగిపోతుందో. అలాంటివాడి మీద దీనికి మనసు పడితే రేపు నాలాగే ఒంటరిగా మిగిలిపోదూ. గుండీ కుడుతున్నా అదే ఆలోచన, నీళ్ళు పడుతున్నా అదే ఆలోచన.

ఒకరోజు అతను కోపంగా వచ్చాడు. నడుం దగ్గర ఏదో ఒరుసుకుంటోందని ప్యాంటు తిరగేసి చూశాడట. బిగించిన గుడ్డంతా లోపలే మడత పెట్టి ఉంది. ఒక్క అంగుళం కత్తిరించలేదు.

"మిగిలింది కత్తిరించెయ్యమని చెప్పాను కదండీ. మళ్ళీ లావైపోతాననేగా మీ నమ్మకం?"

అందరికీ అలాగే వదులుతామని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. కానీ ఎదురుగా వేరేవాళ్ళు ఉన్నారు, దీనికీ మొహం ఎర్రబడింది. "రేపేమవుతుందో ఎవరికి తెలుసు," అనేసింది.

అది నా మాట. పొద్దున లేస్తే నేననే మాట. దాని నోట వినేసరికి ఎంత చేదుగా ఉందో.

అతను ప్యాంటు తీసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. పోనీలే, గండం గడిచిందనుకున్నాను. కానీ వీధిలో బస్సు చప్పుడైతే చాలు, మా అమ్మాయి మిషను ఆగిపోయేది. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఏ ఇంజెక్షనూ లేకుండానే దానికి ఆకలి పోయింది.

చలికాలం వెళ్ళాక దారపు రీళ్ళ కోసం బజారుకి బస్సెక్కితే, అది అతని బస్సే. చొక్కా గుండీలు లాగిపెట్టినట్టున్నాయి. అద్దంలో నన్ను చూసి చూపు తిప్పేసుకున్నాడు. నా స్టాపు వచ్చినా నేను దిగలేదు. చివరి స్టాపులో అందరూ దిగాక తప్పనిసరై వచ్చి ఎదుటి సీట్లో కూర్చున్నాడు.

ఏమైంది బాబూ అని అడిగితే నెమ్మదిగా చెప్పాడు. ఆ రోజు రోషం వచ్చి, డాక్టరుకి కూడా చెప్పకుండా ఇంజెక్షను మానేశాడట. మందు లేకుండానే సన్నగా ఉండి చూపిస్తే, అప్పుడైనా మా అమ్మాయి ఆ గుడ్డ కత్తిరిస్తుందని. కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత ఆకలి, ఊరెళ్ళి తిరిగొచ్చిన చుట్టంలా సామానుతో సహా దిగిపోయిందట. తిండి పాత తిండే, కూర్చోవడం పాత కూర్చోవడమే.

"ఇప్పుడు ఆ ప్యాంటు పట్టట్లేదు ఆంటీ. విప్పించుకోవాలి. ఏ మొహం పెట్టుకుని రాను?"

వేరే రోజైతే ఇదే మంచి సమయమని ఊరుకునేదాన్నేమో. కానీ భయపడీ భయపడీ నాకూ అలసట వచ్చేసింది. తొడుక్కున్న జాకెట్టు చేతి అంచు తిరగేసి చూపించాను. "చూడు, నాదానికీ వదిలింది. పసిపిల్లల గౌనుకీ వదులుతుంది. దాని చేతి అలవాటు అది. ముందు నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళు."

వెళ్ళాడు, చీవాట్లు తిన్నాడు. మందు తప్పు కాదు, అడక్కుండా మానేయడం తప్పన్నాడట డాక్టరు. తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాడు. ఆకలి నెమ్మదించిన ఈ రోజుల్లోనే వేళకి తినడం, రోజూ నడవడం అలవాటు చేసుకోకపోతే ఎన్ని సూదులు వేసుకున్నా ఇదే తంతు అని కూడా చెప్పాడట.

ఆ ఆదివారం ప్యాంటుతో వచ్చాడు. "మీరన్నట్టే అయింది," అన్నాడు తలదించుకుని.

"ఆ మాట నాది కాదు, మా అమ్మది." కుట్టు విప్పుతూ అంది మా అమ్మాయి. "అందరికీ గుడ్డ వదులుతాను. మీకు కొంచెం ఎక్కువ వదిలాను."

"ఎందుకూ?"

"విప్పడానికో, బిగించడానికో, మీరు మళ్ళీ రావాలి కదా."

అతను తలెత్తి దాని వైపు చూశాడు. తర్వాత, డ్యూటీ దిగాక ఒంటరిగా నడుస్తుంటే సందు చివర తినుబండారాల బండి దగ్గరే కాళ్ళు ఆగిపోతున్నాయని చెప్పాడు.

"అయితే నన్ను కాపలాకి రమ్మంటారా?"

"కాపలాకి కాదు. రోజూ రమ్మంటున్నాను."

"ఎన్నాళ్ళు?"

"అలవాటయ్యేదాకా." గొంతు సవరించుకున్నాడు. "అలవాటయ్యాక కూడా."

పక్కనే సూదిలో దారం ఎక్కిస్తూ నేనున్నానని ఇద్దరికీ గుర్తే లేదు. "నేనూ వస్తాను," అన్నాను.

అలా నా సాయంత్రాలు పోయాయి. వాళ్ళు ముందు, నేను వెనక. ఇంజెక్షను వేసుకున్న మర్నాడు అతనికి కడుపులో తిప్పేది, నడక నెమ్మదించేది. కళ్ళు తిరిగి పడిపోతాడేమోనని నేను నడక వేగం పెంచేదాన్ని. కొన్నిసార్లు వారాల తరబడి బరువు కదిలేది కాదు. మొహం వేలాడేసుకుని వచ్చేవాడు. మా అమ్మాయి ఓదార్చేది కాదు, పక్కన నడిచేది. ప్రతి మలుపులో ఇద్దరూ ఆగి నాకోసం చూసేవాళ్ళు.

నిన్న సాయంత్రం మోకాళ్ళు మొరాయించి బస్టాపు బెంచీ మీద కూలబడ్డాను. సన్నగా చినుకులు మొదలయ్యాయి.

"వెనక్కి వెళ్ళిపోదామా ఆంటీ?" అన్నాడతను. ఇద్దరూ నిలబడి ఉన్నారు. రోడ్డు తడి, జారతారు, చీకటి పడుతోంది, జ్వరం వస్తుంది. అన్నీ నాలుక చివరకొచ్చాయి. ఒక్కటీ అనే ఓపిక లేకపోయింది.

"మీరు పదండి. నేనిక్కడ కూర్చుంటాను."

మా అమ్మాయి సరిగ్గా వినబడనట్టు చూసింది. "నిజంగానా అమ్మా?"

"అల్లుడుగారు తడిసిపోతున్నారు. తీసుకెళ్ళు."

ఇద్దరూ కదిలితేగా. బొమ్మల్లా నిలబడిపోయారు. నడవండి మరి అని చివరికి నేనే కసరాల్సి వచ్చింది.