అమావాస్య నాటి సుత్తె చప్పుడు

సూర్యాపేటలో ఎవరి మేక తప్పిపోయినా, ఎవరి గోడ మీద ఎవరు పిడకలు కొట్టినా చివరికి ఆ గొడవ తేలేది వెంకటనర్సయ్య గదిలోనే. కోర్టులో అమీనుగా చేసి మానేసిన మనిషి. ‘ప్రైవేటు డిటెక్టివ్’ అని తలుపు మీద సుద్దతో రాయించుకున్నాడు. రాసింది జైరాం. బస్సు కండక్టరు పని వదిలేసి నలభై ఏళ్ల వయసులో ఆయన వెంట పడ్డాడు. ఆయన ముక్కు గోక్కున్నా అందులో ఏదో మర్మం ఉంటుందని జైరాం నమ్మకం.

1949 జూన్ మొదటి వారం. పొద్దున్నే కమ్మరి బిక్షం భార్య సాయమ్మ వచ్చి గడపలోనే కూలబడింది. ఆమె చేతిలో బల్దియా నోటీసు, అంటే ఊరి మునిసిపాలిటీ కాగితం, ఉంది.

"అయ్యా, మా సుత్తె సప్పుడుకు వాడకట్టంత పరేషాన్ అయితుందట. శనివారం విచారణట. తప్పు తేలితే కొలిమి పీకేస్తరట. వానల ముంగట నాగలి కర్రులు సాగగొట్టకపోతే మేం ఏం తిని బతకాలె?"

"అర్జీ ఎవరిచ్చిన్రు?"

"పక్కింటి పెంటమ్మదట వేలిముద్ర. నిన్నగాక మొన్న మా కొలిమిల నిప్పు తీస్కపోయి పొయ్యి రాజేసుకున్నది సారూ, గామె!"

బల్దియా ఆఫీసులో విచారణ చేసే అధికారి, దరోగా, అడగ్గానే అర్జీ తీసి చూపించాడు. చప్పుడైన పదకొండు రోజులు, వేళలతో సహా వరుసగా రాసి ఉన్నాయి. మధ్యమధ్య నాలుగైదు చోట్ల సిరా మరకలు.

"పెంటమ్మ ‘గిది నాది కాదు’ అంటే?" అన్నాడు వెంకటనర్సయ్య.

"ఇరుగుపొరుగు మొహమాటానికి విచారణ నాడు కాదనేటోళ్లను శానమందిని సూసిన. నాకు కాయితమే సాక్షి" అన్నాడు దరోగా.

వెంకటనర్సయ్య వేలు జాబితా మీదుగా జారి ఒకచోట ఆగింది. "జైరాం, మే ఇరవై ఏడు ఏం తిథి?"

గోడ మీది పంచాంగం చూసి జైరాం ఎగిరి గంతేశాడు. "అమాస సారూ! అమాసనాడు కమ్మరోళ్లు సుత్తె ముట్టరు కద! దొరికింది అబద్ధం!"

"అబద్ధమేనా?" అని ఆయన బయటికి నడిచాడు. జైరాం ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టయింది.

పెంటమ్మ దొడ్లో గొర్రెలకు నీళ్లు పెడుతోంది. విషయం వినగానే భగ్గుమంది. "నా గొర్లు ఒర్రితే బిక్షం ఊకుంటడు. ఆయన సుత్తె కొడితే నేనూకుంట. మురికినీళ్ల మోరీ బాగుచెయ్యమని అర్జీ రాయించుకుంటే, అర్జీలు రాసే పర్వతాలన్న రెండు కాయితాలకు ఏలు పెట్టిచ్చిండు. గంతే నాకు తెల్సు."

బిక్షం కొలిమి ముందు కూర్చుని ఉన్నాడు. పగవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగితే నవ్వాడు.

"నాకెవలు పగోళ్లు సారూ? రజాకార్ల దినాలల్ల గీ బొగ్గుల గుంతల ఒక మనిషిని దాసిన. వాకిట్ల తుపాకులు, లోపల ఆయనకు దగ్గు. దగ్గు ఇనపడొద్దని పొద్దుందాక ఉత్త ఇనుమే కొట్టిన. ఆయన పేరడగకుండ్రి. చెప్పనని మాటిచ్చిన."

పర్వతాలు ఊరందరికీ అర్జీలు రాసిపెట్టే మనిషి. కొలిమి గోడకు ఆనుకునే ఆయన ఇల్లు. అరుగు మీద కలం పట్టుకుని కూర్చున్నవాడు తల ఎత్తలేదు.

"పెంటమ్మ చెప్పింది, నేను రాసిన" అన్నాడు దగ్గుతూ.

అప్పుడే వీధిలో బండి మీది నుంచి గడ్డపార జారి రాళ్ల మీద ఖంగుమని పడింది. పర్వతాలు చేయి ఎగిరిపడింది. కాగితం మీద సిరా చిందింది. ఆయన గబుక్కున అరచేత్తో మరక కప్పేశాడు. పాపం, ఈ వయసులో ఎందుకింత బెదురు అనుకున్నాడు జైరాం.

శనివారం పొద్దున కొలిమి ముందే అందరూ చేరారు. దరోగాకు కుర్చీ వేశారు. సాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

వెంకటనర్సయ్య అర్జీ విప్పాడు. "పెంటమ్మ ఏలిముద్ర మోరీ కోసం పెట్టింది. రెండో కాయితం మీద గీ ఫిర్యాదు రాసుకున్నది పర్వతాలే. కాని అబద్ధం రాసెటోడైతే అమాసను తప్పక వదిలేస్తుండె. వదల్లేదంటే అది ఎవల పన్నాగం కాదు. ఆనాడు గూడ ఆయనకు సుత్తె చప్పుడు నిజంగనే ఇనపడ్డది. కొట్టని సుత్తె ఎవలకు ఇనపడ్తది? గీ మరకలు సూడుండ్రి. దెబ్బ దెబ్బకు ఉలిక్కిపడ్డ చెయ్యి ఇది. బొగ్గుల గుంతల దినమంత ఆ దెబ్బల కింద పండుకున్న మనిషి చెయ్యి."

జైరాం తల పట్టుకున్నాడు. దగ్గు, గోడ, గడ్డపార అన్నీ తన కళ్ల ముందే ఉన్నాయి, తనకు ఒక్కటీ కనబడలేదు.

పర్వతాలు నేల మీద కూర్చుండిపోయాడు. "సుత్తె పడ్డప్పుడల్ల వాకిట్ల తుపాకులు నిలబడ్డట్టే ఉంటది. అయినా నా పాణం నిలబెట్టిన సుత్తెను ఆపమని బిక్షాన్ని ఏ నోటితోటి అడగాలె? అందుకే వేరేటోళ్ల ఏలు దొంగతనం జేసిన. పెంటమ్మా, తప్పయింది."

"తప్పే" అంది పెంటమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

దరోగా అర్జీ కొట్టేసి, కొలిమి ఉంటుందని రాసిచ్చాడు. ఆనక పర్వతాలు బెదురుకు ఏం చెయ్యాలో తోచక వెంకటనర్సయ్య వైపు చూశాడు. ఆయన బిక్షంతో అన్నాడు: "సుత్తె ఎత్తే ముందు గోడ మీదికెల్లి ఒక్క కేకెయ్యి. కేక లేకుంట ఇనపడ్డదంటే, అది కొలిమిది కాదని ఆయనకు తెలుస్తది."

ఆనాటి నుంచి రోజూ పొద్దున వాడకట్టు మొత్తానికి బిక్షం కేక వినిపించేది. "పర్వతాలన్నా, కొడుతున్నా!"

మరుసటి అమావాస్య నాడు జైరాం పనిగట్టుకుని ఆ వీధికి వెళ్లాడు. కొలిమి చల్లగా ఉంది. అయినా బిక్షం గోడ దగ్గరికి వచ్చి నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

"పర్వతాలన్నా, ఇయ్యాల కొడుతలేను!"

గోడ అవతల నుంచి మెల్లగా జవాబు వచ్చింది.

"ఇన్న తమ్మీ."