పావు చుట్టు

ఆదివారం ఉదయం. తండ్రి ఫ్లాస్కులో కాఫీ పోసుకుంటున్నాడు. కూతురు రొట్టె ముక్కకు వెన్న రాస్తూ, మూడు రోజులుగా దాచుకున్న మాటను ఇవాళైనా బయటపెట్టాలని చూస్తోంది.

ఆయన నలభై ఏళ్లు గడియారాలు బాగుచేశాడు. కొట్టు మూసేశాక భార్యతో కలిసి ఊరి చివర మిట్ట మీదున్న చిన్న వేధశాలలో చేరాడు. జీతం లేని పని. ఆదివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా, టెలిస్కోపు మూతికి ఫిల్టరు బిగించి, వచ్చినవాళ్లకు సూర్యుణ్ణి చూపించాలి. ఆయన యంత్రాన్ని చూసుకునేవాడు. ఆవిడ జనాన్ని చూసుకునేది. ఎనిమిది నెలల కిందట ఆవిడ పోయింది. ఆయన మానేసింది ఒకే ఒక్క ఆదివారం.

ఇంట్లో ఆవిడ కుట్టుమిషను సూదిలో నీలం దారం ఇంకా అలాగే ఉంది. దిండు గలేబు కుట్టుకుందామని కూతురు ఒకసారి దాని ముందు కూర్చుంటే, "సరిగ్గా ఉన్నదాన్ని కెలక్కూడదు, లే" అన్నాడాయన. కొట్లో కూడా అదే మాట అనేవాడు, బాగుచేసిన గడియారాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు.

"నాన్నా, వేధశాల కార్యదర్శిగారు ఫోన్ చేశారు."

"డోము తలుపు కీచుమంటోందని చెప్పాను. నూనె తెస్తానన్నాడా?"

"నూనె సంగతి కాదు, నీ సంగతి. టెలిస్కోపులో పసుపు ముద్ద తప్ప ఏమీ కనబడటం లేదట. ముగ్గురు కాగితం మీద రాసి ఇచ్చారట. ఇంకొక్కరు రాసినా, వచ్చే నెల నుంచి ఆదివారాలు వేరేవాళ్లకి అప్పజెప్తారట."

ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు. తీసి, మళ్లీ బిగించాడు.

"వాళ్లకి చూడటం రాదు. కన్ను నిలవాలి. మీ అమ్మ తన చేత్తో పెట్టిన ఫోకస్ అది."

"ఎనిమిది నెలల కింద పెట్టింది!"

"అయితే? మీ అమ్మ పెడితే తప్పుంటుందా?"

"అమ్మ పోయాక నువ్వు ఒక్కసారైనా అందులోకి చూశావా?"

ఆయన తాళంచెవులు తీసుకుని వెళ్లిపోయాడు. ఫ్లాస్కు బల్ల మీదే ఉండిపోయింది.

గంట తరవాత ఆమె ఫ్లాస్కు పట్టుకుని మిట్ట ఎక్కింది. ఆమె పనిచేసేది మందుల దుకాణంలో. దళసరి కళ్లద్దాలు. తల్లిదీ ఆమెదీ ఒకటే నంబరు. ఒకసారి హడావిడిలో ఇద్దరి అద్దాలూ తారుమారైతే సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. "అద్దాల ఖర్చు సగం మిగిలేది, ఒకే ముక్కు ఉండుంటే" అని ఆయన చాలా రోజులు నవ్వించాడు.

లోపల ఆయన టెలిస్కోపును సూర్యుడి వైపు తిప్పుతున్నాడు. అందులోకి చూడటం లేదు. నేల మీద పడే గొట్టం నీడ చిన్న గుండ్రం అయ్యేదాకా తిప్పి ఆపాడు. ఎవరూ తిప్పకుండా ఫోకస్ నాబ్ చుట్టూ గాయానికి వేసే పట్టీ అంటించి ఉంది. వరసలో ఆరేడుగురు ఉన్నారు. ముందున్నది బజారులో గుడ్లమ్మే ముసలావిడ.

"సూర్యుడి మీద మచ్చలు కనబడ్డాయామ్మా?" అడిగాడాయన.

"నువ్వు ఉన్నాయంటే ఉన్నట్టే నాయనా. నీ మాట నేనెందుకు కాదనాలి?"

"అలా కాదు, ఎలా ఉందో చెప్పండి."

"నిజం చెప్పమంటావా? నా చేతిలో గుడ్డు జారి పెనం మీద పడ్డా ఇంతకన్నా గుండ్రంగా ఉంటుంది."

వరస మొత్తం నవ్వింది. ఆయన నవ్వలేదు. "కన్ను నిలవాలి" అన్నాడు మెల్లగా.

కూతురు ముందుకొచ్చింది. "ఒక్క పది నిమిషాలు బయట నీడలో కూర్చోండి, పిలుస్తాను" అని అందరినీ పంపి, తలుపు దగ్గరగా వేసింది.

"ఆ పట్టీ తియ్యి నాన్నా."

"తియ్యను."

"తియ్యకపోతే ఈ ఆదివారాలు కూడా పోతాయి."

"తీస్తే నాకింకేం మిగులుతుంది? బట్టలు నువ్వు ఇచ్చేశావు. కళ్లద్దాలు ఎక్కడ పెట్టావో నేను అడగలేదు. ఆవిడ చివరిసారి చెయ్యి వేసింది వేసినట్టు ఉన్నవి ఆ మిషనూ ఇదీ, అంతే."

"మరి నాకేం మిగిలింది? నువ్వు ఒక్కడివేగా! వారానికి ఒక్కరోజు ఇక్కడ మనుషులతో మాట్లాడతావు. ఇంట్లో నాతో మాట్లాడవు. అది కూడా పోతే నేను నిన్ను ఎక్కడ వెతుక్కోవాలి?"

అంత గట్టిగా తండ్రితో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. అద్దాలు తడిసిపోయాయి. తీసి పైట కొంగుతో తుడుచుకుంది. ఆయన ముఖం చూడలేక తల తిప్పుకుని, ఎదురుగా ఉన్న టెలిస్కోపులోకి వంగింది.

చాలాసేపు కదల్లేదు.

"ఏమిటే?" అన్నాడాయన.

"కనబడుతోంది నాన్నా. అంచు కత్తెరతో కత్తిరించినట్టుంది. ఎడమపక్క రెండు మచ్చలు. పెద్దదాని చుట్టూ బూడిదరంగు అంచు కూడా తెలుస్తోంది."

ఆయన ముఖం వెలిగింది. "చెప్పానా? మీ అమ్మ పెట్టింది..."

"నువ్వు చూడు."

ఎనిమిది నెలల తరవాత ఆయన వంగాడు. చూశాడు. కన్ను చికిలించి మళ్లీ చూశాడు.

"అలుక్కుపోయి ఉందే!"

"నేను అద్దాలు తీసి చూశాను. అమ్మ కూడా తీసే చూసేది కదా. ఇది అమ్మ కంటికి పెట్టుకున్నది."

ఆయనకు అర్థమైంది. ప్రతి ఆదివారం జనం రాకముందు ఆవిడ అద్దాలు తీసి తనివితీరా చూసుకునేది. తరవాత నాబ్‌ను పావు చుట్టు వెనక్కి తిప్పేది. "నా కొలతకు కుట్టింది జనానికి పట్టదు" అనేది, జీవితమంతా ఊరికి బట్టలు కుట్టిన మనిషి. ఆ చివరి ఆదివారం చూస్తూ చూస్తూనే కళ్లు తిరుగుతున్నాయంటూ బల్ల మీద కూలబడింది. ఆయన కంగారుగా ఇంటికి తీసుకెళ్లాడు. వెనక్కి తిప్పడం ఎవరికీ గుర్తులేదు.

"ఎనిమిది నెలలు" అన్నాడాయన, "వచ్చినవాళ్లందరికీ మీ అమ్మ కొలత తొడిగానన్నమాట."

నవ్వబోయాడు. నవ్వు ఏడుపయింది. కూతురు ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి చేతికిచ్చి, పక్కనే నిలబడింది.

కాసేపటికి ఆయన తనే పట్టీ ఊడదీశాడు. జేబులోంచి గడియారాల స్క్రూడ్రైవరు తీసి, నాబ్ ఉన్నచోట ఇత్తడి మీద వెంట్రుకంత గీత గీశాడు. అప్పుడు తిప్పాడు. పావు చుట్టు.

గుడ్ల ముసలావిడను మళ్లీ పిలిచారు. ఆవిడ అయిష్టంగానే వంగి, "ఓరి నాయనో!" అని కెవ్వుమంది. "ఈ సూరీడి మొహం మీద మచ్చలేగా!"

పన్నెండింటికి అందరూ వెళ్లిపోయారు. కూతురు ఫ్లాస్కు కడిగి వచ్చేసరికి ఆయన ఇంకా డోము మూయలేదు. నాబ్ మీద వేలుంచి ఆగి ఉన్నాడు.

"సాయంత్రం ఆ మిషను మీద గలేబు కుట్టుకో" అన్నాడు ఆమె వైపు చూడకుండా. "దారం నీలమే. పర్వాలేదుగా?"

"పర్వాలేదు నాన్నా."

గీత దాకా నాబ్‌ను తిప్పి ఆయన పక్కకు జరిగాడు.

"అద్దాలు తీసి రా. నీ కొలతకు పెట్టాను."